పేకోస్ రేవు పల్లె

నేటి ప్రసంగమున మీకొక చిన్నపల్లె చరిత్రము చెప్పబూనితిని. ఆ పల్లె మన దేశమునది కాదు. ఉత్తర అమెరికా ఖండమున, నేడు సంయుక్తరాష్ట్రములలో చేరియున్న న్యూ మెక్సికో సీమలో, పేకోస్ అను నది యొడ్డున నున్నది. క్రీస్తు రక్తమని స్పానిషు భాషలో పేరుగల పర్వతములలో పుట్టి యా నది దక్షిణముగా బయళ్లలోనికి దిగును. ఒకచోట నీరు పలుచనై మనుష్యులును బండ్లును దాటుటకు వీలగును. ఆ తావున వెలసిన పల్లెకు సాన్ మిగెల్ దెల్ వాదో అని పేరిడిరి. మిగెల్ అనగా క్రైస్తవులు కొలుచు నొక దేవదూత. వాదో అనగా రేవు.

ఎక్కడనో యున్న పల్లె కథ మనకేల యని మీరడుగవచ్చును. 1794 మొదలు 1897 వఱకు నూటమూడేండ్లలో ఆ పల్లెవారు మొదట స్పెయిను రాజునకు ప్రజలైరి. తరువాత మెక్సికో దేశమునకు పౌరులైరి. ఆ పిదప అమెరికా సంయుక్తరాష్ట్రములకు పౌరులైరి. ఈ మార్పులలో వారి యిండ్లనెవరును కూల్చలేదు. వారి మళ్లనెవరును లాగికొనలేదు. అయినను చివరకు లెక్కచూచుకొనగా వారు తమదనుకొన్న భూమిలో ఇంచుమించుగా అరువదింట ఏబదితొమ్మిది పాళ్లు లేకపోయెను. అది యెట్లు పోయినదో తెలిసికొనవలెనన్న అది యెట్లు వచ్చినదో మొదట తెలిసికొనవలెను.

స్పెయినువారు 1598లో హువాన్ దె ఒన్యాతె అను నాయకునితో న్యూ మెక్సికోలో ప్రవేశించిరి. 1610 ప్రాంతమున సాంటా ఫే వారికి రాజధాని యయ్యెను. ఆ సీమలో అంతకుముందే మట్టిమిద్దెల యూళ్లు కట్టుకొని మొక్కజొన్న పండించుకొనుచుండిన జాతులు కలవు. స్పానిషు భాషలో ఊరిని ప్వేబ్లో అందురు గనుక వారికి ప్వేబ్లో జనులని పేరు వచ్చెను. పాదరుల పోరును, పన్నుల బరువును ఓర్వలేక ఆ జనులు 1680లో ఏకమై తిరుగబడి స్పెయినువారిని సీమ దాటించిరి. పండ్రెండేండ్ల పిమ్మట 1692, 93 సంవత్సరములలో గాని వీరు మరలి రాజాలకపోయిరి. తూర్పున నున్నవి మేరలేని గడ్డిబయళ్లు. అందు అపాచీలు, కొమాంచీలు అను సంచారజాతులు గుఱ్ఱములపై తిరుగుచుండెడివారు. ఆ గుఱ్ఱములు స్పెయినువారు తెచ్చినవే. తెచ్చినవారి పైకే అవి పరుగెత్తివచ్చినవి.

సాంటా ఫేలో నుండిన సిపాయీలు నూటికి కొంచెము అటునిటుగా నుండిరి. అంత సీమను అంత స్వల్పసేనతో కాచుట యసాధ్యము. 1779లో గవర్నరు ఆన్సా కొమాంచీల పేరుమోసిన నాయకుని యుద్ధమున చంపెను. 1786లో పేకోస్ అను పాత ప్వేబ్లో గ్రామముకడ ఆయనయే వారితో సంధి చేసికొనెను. యుద్ధమునందు గొప్పవారు చాలమంది యుందురు; గెలిచినపిమ్మట సంధికి కూర్చుండువారు తక్కువ. ఈ సంధి చాలకాలము నిలిచెను. కావుననే తూర్పు సరిహద్దున ఊరు కట్టుట యను తలంపునకు చోటు కలిగెను.

అయితే ఆ సరిహద్దునకు పోవువారెవరు? రాజధానిలో మంచి మాగాణి గలవారు పోరు. ఇక్కడ హెనీసరోలను గూర్చి చెప్పవలెను. తురుష్క సుల్తానుల కొలువులో జానిసరీలను సైనికులుండిరని మీలో చరిత్ర చదివినవారు ఎరుగుదురు. ఆ మాటయే స్పానిషు భాషలో ఇట్లు మారినది. బయళ్ల జాతులు ఒకరితోనొకరు పోరాడి పిల్లలను, స్త్రీలను చెరపట్టి న్యూ మెక్సికోలో అమ్మెడివారు. కొన్నవారు తాము వారిని చెరనుండి విడిపించితిమని చెప్పికొని, జ్ఞానస్నానము చేయించి, తమ పేళ్లు పెట్టి, ఇంటిచాకిరికి ఉంచుకొనెడివారు. విడిపించుట యనుమాట పత్రములలోనిది, బానిసత్వము ఇంటిలోనిది. చాకిరి తీరినపిమ్మట వారికి తమ పూర్వపు జాతి లేదు, భాష లేదు, భూమి లేదు. స్పెయినువారిలోను చేరరు, ప్వేబ్లోలలోను చేరరు. ఇట్టివారును, వారి సంతతివారును హెనీసరోలు. సాంటా ఫేలో నదికి ఆవలి యొడ్డున అనాల్కో అను పేటలో వీరు చాలమంది యుండిరి. 1754లో అబిక్యూ అను సరిహద్దు గ్రామమును ప్రభుత్వమువారు వీరికే యిచ్చిరి.

1794లో లొరెంజో మార్కెజ్ అనునతడు తనకును తనతోడి 51మందికిని భూమి నిమ్మని గవర్నరు ఫెర్నాండో చకోనుకు అర్జీ పెట్టుకొనెను. సాంటా ఫేలో మాకు కొంత నేల యున్నను, నీరు చాలదు, జనము మిక్కుటమాయెను, పిల్లలకు చాలదు అనుట యా యర్జీలోని మొర. ఈ 52మందిలో 13మంది ఇండియనులనియు అందే వ్రాసికొనిరి. అందరును కలిసి లెక్కచూచుకొనగా 25 తుపాకులున్నవని కూడ వ్రాసిరి. అర్జీలో తుపాకుల లెక్క వ్రాయుట మనకు వింతగా తోచును. అడిగినవారికి తమ్మెందులకు పిలుతురో తెలియును. ఇచ్చువానికి తానెందుల కిచ్చుచున్నాడో తెలియును.

నవంబరు 25వ తేదీన గవర్నరు ఇచ్చెదనని వ్రాసెను. మరునాడే సాంటా ఫే గ్రామాధికారి పోయి స్వాధీనపరచెను. వారి భాషలో గ్రామాధికారిని అల్కాల్దె అందురు. మన మునసబును తీర్పరిని కలిపి యొక్కనిగా చేసినట్లుండును. చెక్కుబందీ మన పాతపత్రములందువలెనే యున్నది. ఉత్తరమున ఆవు వాగు. దక్షిణమున తెల్లలోయ. తూర్పున బెర్నాల్ చిన్నకొండలు. పడమర గుసానో అను తావు. గుసానో అనగా పురుగు. కొలత లేదు, గొలుసు లేదు, రాళ్లు లేవు. ఆ చెక్కుబందీలోపలి నేల మూడులక్షల పదునైదువేల యెకరములకు పైమాట యని నూరేండ్ల తరువాత సర్వే చేసినవారు తేల్చిరి.

ఆ పత్రమునందలి షరతులు వినదగినవి. ఆ నేల యీ 52మందికి మాత్రమే కాదు, ఇకముందు వచ్చి చేరువారికిని ఉమ్మడి. ప్రతివాడును తుపాకిగాని, విల్లంబులుగాని యుంచుకొనవలెను. గ్రామాధికారి యెప్పుడైనను తనిఖీ చేయవచ్చును. రెండేండ్లు గడచినపిమ్మట అన్నియు తుపాకులే కావలెను. లేనివాడు ఊరు విడిచిపోవలెను. నడుమ చావడివంటి బయలు విడిచి చుట్టును ఇండ్లు గోడవలె కట్టుకొనవలెను. అది ముగియువఱకు పేకోస్ గ్రామమున తలదాచుకొనవలెను. అక్కడ 52 కుటుంబములకు చాలినంత చోటున్నది. కడపటి షరతు నాకు మిక్కిలి నచ్చినది. కోట కట్టుటయు, కాలువ త్రవ్వుటయు, ఊరి మేలునకై చేయదగిన పనులన్నియు అందరును కలిసి, ఐకమత్యముతో చేయవలెనని యున్నది.

పేకోస్ గ్రామములో చోటెట్లు చాలినదో అడుగుడు. ఒకప్పుడు ఆ సీమలోకెల్ల పెద్దవైన ప్వేబ్లోలలో అదియొకటి. దాడుల వలనను, మశూచి వలనను ఇండ్లు ఖాళీ యైనవి. చావగా మిగిలినవారి యిండ్లలో క్రొత్తవారు కాపురముండిరి.

మన కౌటిల్యుని అర్థశాస్త్రము 1909లో మైసూరునందు శామశాస్త్రులవారిచే ముద్రింపబడెను. అందు రెండవ యధికరణము మొదటనే శూన్యమైన నేలపై జనపదమును నిలుపు విధానము చెప్పబడియున్నది. హద్దులకు నదులను, కొండలను, అడవులను పెట్టుకొనవలెననియు, అంతపాలుర కోటల నడుమనుండు తావులను వేటగాండ్రు, శబరులు, పుళిందులు మున్నగు వనచరులు కాపాడవలెననియు ఆచార్యుడు చెప్పెను. చకోను గవర్నరు కౌటిల్యుని చదివినవాడు కాడు. అయినను రాజ్యమునకు వెలిగోడగా నిలుచుటకు, రాజ్యములో చోటులేనివారినే పిలుచుట రెండుచోట్లను కనబడుచున్నది. వారికి భూమి కావలెను, రాజునకు గోడ కావలెను. ఈ బేరములో మోసమున్నదని నేననను. ఇరువురును మాట నిలుపుకొనినంతవఱకు అది మంచి బేరమే.

పల్లెవారు మాట నిలుపుకొనిరి. మొదట త్రవ్వినది కాలువ. దానిని అసేకియా అందురు. ఈ మాట స్పెయినును చాలకాలమేలిన అరబ్బులనుండి స్పానిషు భాషకు వచ్చినది. నీరు పారించునది యని అర్థము. నదికి ఎగువను కొయ్యలతోను రాళ్లతోను కట్ట వేసి, కొండవాలు వెంట కాలువను త్రిప్పి, దిగువనున్న మళ్లకు వదలుదురు. ప్రతి వసంతమున ఆయకట్టుదారు ప్రతివాడును పారతో వచ్చి పూడికతీయవలెను. రాలేనివాడు మనిషిని పంపవలెను. నీటి వంతులను చూచుటకు ఏటేట ఒకని నెన్నుకొందురు. అతనికి మయోర్దోమో యని పేరు. మన సీమలో కుడిమరామతు నెరిగిన పెద్దలకును, నీరుకట్టువాని తగవులు చూచినవారికిని దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

1803 మార్చినెలలో గవర్నరు ఉత్తరువుపై పేద్రో బౌటిస్టా పీనో అను పెద్దమనిషి వచ్చి కాలువక్రింది నేలను పంచెను. అప్పటికి ఊరు రెండూళ్లయినది. సాన్ మిగెల్‌లో 58 కుటుంబములకును, ఎగువనున్న సాన్ హొసేలో 45 కుటుంబములకును పంచిరి. చీట్లు వేసి యెవరి చీటికి వచ్చిన తునక వారికిచ్చిరి. పదేండ్లవఱకు అమ్మరాదని కట్టడి. గ్రామాధికారికొక తునక. పంచగా మిగిలిన కొంచెము నేలను పరలోకగతుల యాత్మశాంతికి విడిచిరి. దాని యాదాయముతో ఏటేట మూడు పూజలు చేయించవలెను. ఈ పీనోయే 1812లో స్పెయిను దేశపు కాదిజు నగరమున కూడిన రాజ్యసభలో న్యూ మెక్సికోకు ప్రతినిధియై, తన సీమ దుస్థితిని పుస్తకముగా అచ్చొత్తించెను. ఆయన పోయెను, ఆయన వచ్చెను, అంతే జరిగినదని యూరివారు వేళాకోళము చేసిరట. ప్రతినిధుల విషయములో ఈ వేళాకోళము ఏ దేశమునందైనను చెల్లును.

పీనో పంచినది మాగాణి మాత్రమే యని శ్రోతలు గమనింపవలెను. మాగాణి యనగా నది వెంటనున్న సన్నని పట్టెడ. చెక్కుబందీలోపలి తక్కిన నేల, అనగా కొండలు, గుట్టలు, గడ్డిబయళ్లు, పంచలేదు. పంచుటకు వీలులేనిది యని పంచలేదు. వాన తక్కువైన యా సీమలో నాలుగైదెకరముల మడితో కుటుంబము బ్రతుకదు. గొఱ్ఱెలకు మేత, పొయ్యిలోనికి కట్టె, మిద్దెలకు దూలములు, ఆకలి యేటికి చెట్టుగింజలు, మందులకు వేళ్లు, ఇవియెల్ల ఆ యుమ్మడి బీటిలోనివే. మడి ఇంటివానిది, బీడు ఊరిది. మడి పత్రములో పేరు వ్రాయబడినది. బీటికి వ్రాసినదెల్ల ఆ మొదటి పత్రమునందలి ఉమ్మడి యను నొక్కమాటయే.

ఊరు పెరిగెను. 1811లో హొసే క్రిస్తోబాల్ గెర్రెరో అను హెనీసరో, ఈ రెండూళ్లలో 230 కుటుంబములున్నవి, మాకు పూజారి కావలెనని అర్జీ పెట్టెను. బయళ్లలోనికి పోయి అడవిదున్నలను వేటాడువారును, రొట్టె, పిండి, దుప్పట్లు కొనిపోయి కొమాంచీలతో బేరమాడువారును ఈ యూరినుండియే బయలుదేరుచుండిరి. తల్లులో, తాతలో ఆ జాతులవారే కావున భాష తెలిసినవారును పల్లెలో నుండిరి. వెలిగోడగా కట్టినది వాకిలి యయ్యెను.

1821లో మెక్సికో స్పెయినునుండి విడిపోయెను. అదే యేట నవంబరులో మిస్సూరీనుండి విలియం బెక్నెల్ అను వర్తకుడు కొంతమందితో సరకులు తీసికొని వచ్చి ఈ పల్లె మీదుగా సాంటా ఫే చేరెను. పూర్వము స్పెయినువారు అట్టివారిని చెరసాలలో పెట్టెడివారు, మెక్సికోవారు స్వాగతమిచ్చిరి. అప్పటినుండి పాతికేండ్లు సాంటా ఫే బాటలో బండ్లు వచ్చినప్పుడెల్ల మొదటి పెద్దయూరు మన రేవు పల్లెయే. పల్లెకు డబ్బు వచ్చెను, నూలుబట్ట వచ్చెను, ఇనుము వచ్చెను. 1835లో ఇక్కడివారే కొందరు మరియొక దానము పొంది ఉత్తరముగా పోయి లాస్ వేగాస్ అను క్రొత్తయూరు కట్టుకొనిరి. నేడు జూదశాలలకు పేరుపడిన లాస్ వేగాస్ వేరు.

ఒక మాట కప్పిపుచ్చరాదు. ఈ పల్లెలు పెరుగుచుండగా వీరికి తొలుత చోటిచ్చిన పేకోస్ గ్రామము తరిగిపోయెను. మెక్సికో పాలనలో పేకోస్‌వారి కాలువక్రింది నేలపై చుట్టుపట్లవారి కన్నుపడెను. 1838లో మిగిలిన సుమారు ఇరువదిమంది తమ దేవతాసామగ్రి తీసికొని, పడమరనున్న హేమెస్ అను తమ భాష మాటలాడువారి గ్రామమునకు వెడలిపోయిరి. భూమిలేక వచ్చినవారి వెనుక భూమి పోగొట్టుకొన్నవారుండిరి.

1846 ఆగష్టులో సంయుక్తరాష్ట్రముల సేనాపతి కేర్నీ సైన్యముతో వచ్చెను. 15వ తేదీన లాస్ వేగాస్‌లో నొక మిద్దెపై కెక్కి, మీ మతమునకు గాని, సొత్తునకు గాని భయములేదు, వెల యీయక మిరపకాయగాని ఉల్లిపాయగాని ముట్టమని ప్రకటించెను. తరువాత మన రేవు పల్లెలోను గ్రామాధికారిచే ప్రమాణము చేయించెను. 18వ తేదీన సాంటా ఫే ఒక్క తుపాకి మ్రోగకుండ స్వాధీనమయ్యెను. 1848 ఫిబ్రవరి 2వ తేదీన గ్వాదలూపె హిదాల్గో అను చోట సంధి వ్రాసికొనిరి. మెక్సికోవారి సొత్తునకు భంగము రాదని యెనిమిదవ ప్రకరణము చెప్పెను. భూదానములు మెక్సికో పాలనలో చెల్లినట్లే చెల్లునని పదియవ ప్రకరణము చెప్పెను. ఆ పదియవ ప్రకరణమును వాషింగ్టనులోని పెద్దలసభ కొట్టివేసెను.

పల్లెవారికి ఈ వార్త యెంతవఱకు చేరినదోగాని, మనసులో కీడు శంకించిరనుటకు నిదర్శనమొకటి కలదు. మెక్సికో ప్రభుత్వము తమ దేశమునకు రాగోరువారిని తీసికొనిపోవుటకు రమోన్ ఓర్తిజ్ అను పాదరిని 1849లో పంపెను. ఆయన సాన్ మిగెల్ ప్రాంతమునకు పోగా అక్కడి వేయి కుటుంబములలో తొమ్మిదివందలు పేళ్లు వ్రాయించుకొన్నవని ఆయన నివేదిక చెప్పుచున్నది. ఇది చూచి అధికారులు ఆయన తక్కిన యూళ్లకు స్వయముగా పోరాదని అడ్డగించిరి. పేరు వ్రాయించుకొన్నవారిలో ఎక్కువమంది కదలలేదు. మడిని ఎవరు మోసికొనిపోగలరు? న్యూ మెక్సికో విడిచి దక్షిణమునకు పోయినవారు కొందరు మెసిల్యా అను చోట ఊరు కట్టుకొనిరి. 1854లో ఆ నేలను కూడ సంయుక్తరాష్ట్రములు మెక్సికోనుండి వెలకు కొనెను. పారిపోయినవారిని ప్రభుత్వమే వెదకికొనివచ్చి కలిసినట్లయ్యెను.

ఆ 1854లోనే భూదానముల విచారణకు సర్వేయరు జనరలును నియమించిరి. సాన్ మిగెల్‌వారు తమ పత్రములు దాఖలు చేసికొనిరి. 1879లో ఆ యధికారి, ఈ దానము చెల్లునని సిఫారసు వ్రాసెను. కాంగ్రెసుసభ దానిని తీసికొని ఊరకుండెను. ఆ యేడే లాస్ వేగాస్‌కు రైలు వచ్చెను. రైలు వచ్చినపిమ్మట రేవు పల్లెకు బండ్లు రావలసిన పనిలేదు. గొఱ్ఱెలకును పశువులకును దూరపు మార్కెట్టులలో వెల పెరిగెను; వెల పెరిగినకొలది బీటిపై కన్నులు పెరిగెను. ఇంగ్లీషు చట్టము తెలిసిన వకీళ్లు వచ్చిరి. పల్లెవారికడ రొక్కము లేనందున దానభూమిలోనే వాటాను ఫీజుగా తీసికొనుట ఆ సీమలో ఆచారమయ్యెను. వ్యాజ్యము గెలిచినను ఊరు కొంత నేల నోడునన్నమాట.

లాస్ వేగాస్ దానభూమిలో క్రొత్తగా వచ్చినవారు ముళ్లతీగతో వేలాది యెకరములు చుట్టిరి. 1889, 90 సంవత్సరములలో రాత్రివేళ తెల్లముసుగులు వేసికొన్న రౌతులు వచ్చి ఆ కంచెలను నరికి పోసిరి. తెల్లటోపీలవారని వారికి పేరు. హువాన్ హొసే హెర్రెరా యనునతడు అతని సోదరులతో వారికి నాయకుడు. కంచెలు నరకుట న్యాయమని నేను చెప్పను. అయితే, ఊరివారందరు త్రోక్కిన బీటిలో ఒకడు తీగ చుట్టినప్పుడు దానిని అన్యాయమని చెప్పు కచ్చేరి యేదియు లేకపోయెనని మాత్రము చెప్పవలెను. 1891లో తుదకు భూదానముల విచారణకై ప్రత్యేక న్యాయస్థానము నేర్పరచిరి.

ఆ న్యాయస్థానము చెక్కుబందీ యంతయు చెల్లునని సాన్ మిగెల్‌వారి పక్షమున తీర్పు చెప్పెను. ప్రభుత్వము పై కోర్టునకు పోయెను. పల్లెవారి పక్షమున హూలియాన్ సాందోవాల్ మొదలైనవారు ప్రతివాదులు. 1897 మే 24వ తేదీన సర్వోన్నత న్యాయస్థానమున ప్రధాన న్యాయాధిపతి ఫుల్లరు తీర్పు చదివెను. దాని సారమిది: పీనో పంచి యిచ్చిన మళ్లు పంచుకొన్నవారివి. పంచని నేలను ఊరివారు వాడుకొన్నమాట నిజమే. కాని వాడుకొనుట వేరు, స్వామ్యము వేరు. స్పెయిను ధర్మము ననుసరించి పంచని నేలకు స్వామి రాజు. రాజునుండి మెక్సికోకు, మెక్సికోనుండి సంయుక్తరాష్ట్రములకు ఆ స్వామ్యము సంక్రమించినది. ఇందు ఊరివారికి జాలి చూపదగిన హక్కేమైన నున్నచో అది కాంగ్రెసుసభ చూచుకొనవలసినది, మా పని కాదు.

శ్రోతలారా! ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన మీమాంసాశాస్త్రమున ఆరవ యధ్యాయములో విశ్వజిద్యాగప్రస్తావనలో నిదియే చర్చింపబడినది. ఆ యాగమున యజమానుడు తన సర్వస్వమును దానము చేయవలెను. అట్లయిన రాజు యజమానుడైనచో భూమినంతటిని దానమీయవచ్చునా? ఈయరాదని జైమిని సిద్ధాంతము. భూమి యందరికిని సమానము. రాజు దానిని పాలించును గాని దానికి స్వామి కాడు. ఇదియొక పక్షము. రాజే సర్వభూస్వామి యను వారును మన దేశమున లేకపోలేదు. కావున ఫుల్లరుగారి తీర్పు అవివేకమని నేననను. అదియు నొక పక్షమే. అయితే ఆ రాజే, ఈ నేల మీకును ముందు వచ్చువారికిని ఉమ్మడి యని వ్రాసి, దానికి వెలగా వారి ప్రాణములను సరిహద్దున నిలిపించుకొనెను గదా. వాడుకయే గాని స్వామ్యము కాదని ఆ నాడు చెప్పియుండినచో 52మంది 25 తుపాకులతో కొమాంచీల బయలుముఖమున కాపురమునకు పోయెడివారా?

ఆ తీర్పు పిమ్మట సర్వే చేసి 1910లో పట్టా యిచ్చిరి. సుమారు 5,000 ఎకరములు. తక్కినది ప్రభుత్వభూమి యయ్యెను. గొఱ్ఱెలు తిరిగిన గుట్టలపై ఎవరైనను దరఖాస్తు పెట్టుకొని 160 ఎకరములు పొందవచ్చును. పల్లెవారును పెట్టుకొనిరి, కాని యెండసీమలో 160 ఎకరముల గడ్డి మందకు చాలదు. 1916లో చట్టము మార్చి 640 చేయువేళకు మంచి మేతయున్న తావులు కంచెలలో పడెను. మగవారు రైలుపనులకును, గనులకును, ఉత్తరముననున్న కొలరాడోలో చక్కెరదుంపల తోటలకును కూలికి పోజొచ్చిరి.

ఈ దానభూమిలోనే నదికి దిగువను ఎల్ సెర్రీతో అను చిన్నయూరున్నది. అక్కడివారి బ్రతుకును పరీక్షించి లెనార్డు, లూమిస్ అను నిరువురు వ్రాసిన గ్రంథమును సంయుక్తరాష్ట్రముల వ్యవసాయశాఖ 1941లో ప్రకటించెను. ఊరివారి బీదతనము సోమరితనమువలన వచ్చినది కాదనియు, బీడు పోవుటచే వచ్చినదనియు అది చదివినవారికి స్పష్టముగా తెలియును. రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట ఆ యూరివారు చాలమంది పట్టణములకు తరలిపోయిరి.

2004లో సంయుక్తరాష్ట్రముల ప్రభుత్వపు లెక్కల పరీక్షాశాఖ న్యూ మెక్సికో భూదానములను గూర్చి యొక నివేదిక ప్రకటించెను. ఆ సీమలో 295 దానములున్నవనియు, అందు 154 ఊరుమ్మడివనియు లెక్క తేల్చెను. ఆ నాటి విచారణ చట్టవిరుద్ధము కాదని చెప్పుచునే, దానివలన జనులకు కష్టనష్టములు కలిగినవని యొప్పుకొని, ఏమైన చేయదలచినచో కాంగ్రెసుసభ చేయవచ్చునని మార్గములు సూచించెను. 1897లో ఫుల్లరుగారు చూపిన వాకిటనే మరల నిలిపిరన్నమాట. ఆ 2004లోనే న్యూ మెక్సికో రాష్ట్రము ఊరుమ్మడి దానములను స్థానికపాలక సంస్థలుగా గుర్తించెను. 2007లో ఆ రాష్ట్ర శాసనసభ హెనీసరోల సంతతిని ఆ గడ్డపై పుట్టిన జాతులలో నొకరుగా గౌరవించుచు తీర్మానించెను.

ఆ యైదువేల యెకరములలోని మళ్లకు నేటికిని నీరు అసేకియా వెంటనే వచ్చుచున్నది. రాజులు మారినను, సభలు మారినను కాలువ తీర్పు ఊరిలోనే జరుగుచున్నది. ప్రతి సంవత్సరము వసంతమున, మొక్కలకు నీరు వదలుటకు ముందు, మయోర్దోమో దినము చాటించును. భూమిగలవారు పారలు భుజమున వేసికొని వచ్చి, ఎగువ కట్టనుండి మొదలుపెట్టి, ఎవరి వంతు వారు కొలిచికొని, కాలువలోని పూడిక తీయుదురు.